ఏది చేస్తే ఎక్కువ కరుగుతుంది?



అలిపిరి పాదాల మండపం దగ్గర చెప్పులు విడిచి, మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమలు పెట్టుకుంటూ కొండెక్కే భక్తులకు కేలరీల ధ్యాస ఉండదు, ఉండక్కర్లేదు కూడా. అదే దారిలో ఇప్పుడు చేతికి స్మార్ట్‌వాచ్ పెట్టుకున్న కుర్రాళ్లూ కనిపిస్తున్నారు. గాలిగోపురం దగ్గర ఆగి, ఆయాసం తీరకముందే మణికట్టు వైపు చూసుకుంటారు. "నీకెంత కరిగింది రా?" అని పక్కవాణ్ణి అడుగుతారు. ఇద్దరూ ఒకే దారిలో, ఒకే వేగంతో ఎక్కి వచ్చినా రెండు గడియారాలూ రెండు అంకెలు చూపిస్తాయి. ఎవరిది నిజం?

గడియారాలను పక్కనపెట్టి కాగితం మీద లెక్క వేయవచ్చు. అలిపిరి దారిలో మెట్లు సుమారు 3,550. తిరుమల సముద్ర మట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది. కింద తిరుపతి ఎత్తు తీసేసి, ఎక్కే ఎత్తు 650 మీటర్లు అనుకుందాం. 65 కిలోల మనిషి తన ఒంటిని అంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన పని, హైస్కూలు భౌతికశాస్త్రం ప్రకారం, కేవలం 100 కేలరీలు. అంత కష్టపడితే ఇంతేనా అని నీరుగారిపోనక్కర్లేదు. కండరం తనకు అందిన శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మార్చగలదు. మిగతాదంతా వేడిగా పోతుంది. ఆ వేడే చెమట పట్టిస్తుంది. కాబట్టి కొండెక్కడానికి ఒళ్లు నిజంగా ఖర్చుపెట్టేది 400 నుంచి 500 కేలరీలు. మధ్యలో చదునుగా ఉండే దారిలో నడకను కలిపితే ఇంకొంత. పైన దర్శనమయ్యాక చేతికొచ్చే లడ్డూలో ఎన్ని కేలరీలుంటాయో లెక్క కట్టడం అపచారం, దాన్ని వదిలేద్దాం.

అన్నట్టు, వాడుకలో మనం కేలరీ అనేది శాస్త్రం లెక్కలో కిలో కేలరీ. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కించే శక్తి. ఈ ప్రసంగంలోనూ వాడుక మాటే వాడుతున్నాం.

మనిషి ఒంట్లో ఎంత ఖర్చవుతోందో కొలవాలన్న పట్టుదల ఇవాళ్టిది కాదు. 1890లలో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రం, మిడిల్‌టౌన్ అనే ఊళ్లో విల్బర్ అట్వాటర్ అనే శాస్త్రవేత్త, ఎడ్వర్డ్ రోజా అనే భౌతికశాస్త్రవేత్తతో కలిసి ఒక గది కట్టించాడు. గది అంటే పేరుకే. నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, మనిషి నిలబడితే తల తగలనంత ఎత్తు. అందులో ఒక మడత మంచం, కుర్చీ, బల్ల, ఇంకా కదలకుండా బిగించిన సైకిలు. లోపలి మనిషి రోజుల తరబడి అక్కడే తిని, అక్కడే పడుకుని, చెప్పినప్పుడల్లా సైకిలు తొక్కేవాడు. గది చుట్టూ గొట్టాల్లో చల్లటి నీళ్లు పారుతుండేవి. ఆ నీళ్లు ఎంత వేడెక్కాయో చూసి అతని ఒంటి నుంచి ఎంత వేడి వెలువడిందో తేల్చేవారు. అతను పీల్చిన గాలి, వదిలిన గాలి, తిన్న తిండి, విసర్జించినది, అన్నీ తూకం వేసేవారు. తిండి ద్వారా లోపలికి వెళ్లిన శక్తికీ, బయటికి వచ్చిన శక్తికీ లెక్క సరిపోయింది. మనిషి శరీరం కూడా భౌతికశాస్త్ర నియమాలకు లోబడినదేనని ఆ ఇరుకు గదిలో రుజువైంది. బిస్కట్ ప్యాకెట్ వెనక అచ్చేసే కేలరీల లెక్కకు మూలం కూడా అట్వాటర్ పనే: పిండిపదార్థం గ్రాముకు 4, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9.

ఇప్పుడు అంత తతంగం అక్కర్లేదు. ముక్కుకూ నోటికీ మాస్కు తగిలించి, ఎంత ఆక్సిజన్ వాడుకున్నాడో కొలిస్తే చాలు. ఒక లీటరు ఆక్సిజన్ ఖర్చయిందంటే సుమారు 5 కేలరీలు ఖర్చయినట్టు. ఏ వ్యాయామం ఎక్కువ కరిగిస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది: ఎక్కువ కండరాలను ఒకేసారి పనిలో పెట్టి, ఎక్కువ గాలి పీల్పించేదే ఎక్కువ కరిగిస్తుంది. కాళ్లు, నడుము, చేతులు మూడూ కదిలే పని ముందు చేతులు మాత్రమే కదిలే పని ఎప్పుడూ దిగదుడుపే.

పరిశోధకులు ఈ కొలతలన్నీ ఒకచోట పేర్చి 1993లో పెద్ద పట్టిక వెలువరించారు. తర్వాత దాన్ని చాలాసార్లు సవరించారు. అందులో వాడే కొలమానం పేరు మెట్. ఊరికే కూర్చుంటే ఒక మెట్. అంటే కిలో బరువుకు గంటకు సుమారు ఒక కేలరీ. 65 కిలోల మనిషి టీవీ ముందు గంటసేపు కూర్చున్నా 65 కేలరీలు ఖర్చవుతాయన్నమాట. 2011 సవరణ ప్రకారం హఠయోగాసనాలకు 2.5 మెట్‌లు, సూర్య నమస్కారాలకు 3.3, గంటకు దాదాపు 5 కిలోమీటర్ల నడకకు 3.5. అడుగు పెంచి 5.6 కిలోమీటర్లు నడిస్తే 4.3. కాలనీలో సరదాగా ఆడే బ్యాడ్మింటన్‌కు 5.5, పోటీకి దిగితే 7. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో సైకిలు తొక్కితే 8. గంటకు 8 కిలోమీటర్ల పరుగుకు 8.3. నిమిషానికి వందకు పైగా గెంతుతూ స్కిప్పింగ్ చేస్తే 11.8. మెట్ల మీద పైకి పరుగెత్తితే 15. మెట్ సంఖ్యను ఎవరి బరువుతో వాళ్లు హెచ్చవేసుకుంటే గంటకు ఎంత ఖర్చో వచ్చేస్తుంది. 65 కిలోల మనిషికి చురుకు నడక గంటకు 280, స్కిప్పింగ్ గంటకు 767.

ఇంకేం, పట్టికలో కింది వరుసల్లో ఉన్న నడకను వదిలేసి పై వరుసలో ఉన్నదేదో పట్టుకుంటే పోలేదా? ఇంటర్నెట్‌లో కనిపించే చాలా సలహాలు ఇక్కడితోనే ఆగిపోతాయి. తిరకాసు కూడా ఇక్కడే ఉంది.

ఆ పట్టిక పైవరుస సంగతి చూడండి. అక్కడున్నది 23 మెట్‌ల పని, గంటకు 22.5 కిలోమీటర్ల వేగంతో పరుగు. కెన్యాకు చెందిన కెల్విన్ కిప్టమ్ 2023లో చికాగోలో 2 గంటల 35 సెకన్లలో మారథాన్ పూర్తిచేసి ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు కూడా సగటు వేగం గంటకు 21 కిలోమీటర్లే. పట్టికలో గంట లెక్క రాసినంత మాత్రాన ఆ పని గంటసేపు చేయగలమని కాదు. అది గుర్తుపెట్టుకోకపోతే ఈ అంకెలన్నీ వట్టి ఊరింపే.

స్కిప్పింగ్‌నే తీసుకుందాం. తాడు కొనుక్కొచ్చిన మొదటి రోజు, నలభై ఏళ్ల మనిషి ఎంతసేపు గెంతగలడు? ఒక నిమిషం. తాడు కాలికి తగిలి ఆగుతాడు. నడుము మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు ఊపిరి తీసుకుంటాడు. మళ్లీ అర నిమిషం. ఇలా అరగంట గడిచాక అసలు గెంతింది లెక్కవేస్తే ఐదు నిమిషాలుంటే గొప్ప. ఐదు నిమిషాలకు కరిగేది 64 కేలరీలు. అదే మనిషి చురుగ్గా 45 నిమిషాలు నడిస్తే 210. పైగా నడిచినవాడు మర్నాడు కూడా నడుస్తాడు, తాడు తిప్పినవాడు మర్నాడు పిక్కలు పట్టేసి మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటాడు. వారానికి ఆరు రోజులు నడిచినవాడి ఖాతాలో 1,250 దాటుతాయి. తాడు మూడో రోజుకల్లా తలుపు వెనక మేకుకు వేలాడుతుంది. స్కిప్పింగ్ చెడ్డదని కాదు, అలవాటైనవాళ్లకు దాన్ని మించింది తక్కువే. బాక్సర్లు ఊరికే దాన్ని పట్టుకు వేలాడరు.

పరుగు విషయంలో ఒక తేలిక లెక్క ఉంది. కిలో బరువుకు, కిలోమీటరు దూరానికి, సుమారు ఒక కేలరీ. 65 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తితే 325. మెల్లగా పరుగెత్తినా, వేగంగా పరుగెత్తినా దూరం ఒకటే అయితే ఖర్చు పెద్దగా మారదు, సమయం మాత్రమే తగ్గుతుంది. నడకలో అదే దూరానికి ఖర్చు తక్కువ. ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చును తీసేసి చూస్తే, నడక ఖర్చు పరుగు ఖర్చులో సగం కంటే కొంచెం ఎక్కువ. పరుగులో ప్రతి అడుగుకూ ఒళ్లంతా గాల్లోకి లేచి కిందికి దిగుతుంది కదా, అదే తేడా. విశాఖ బీచ్ రోడ్డు మీద గానీ, కేబీఆర్ పార్కు చుట్టూ గానీ పరుగెత్తేవాళ్లు కాగితం, కలం లేకుండా నోటితో వేసుకోగల లెక్క ఇది.

నాలుగు నిమిషాల్లో గంట వ్యాయామం ఫలితం అనే ప్రచారం కూడా అందరూ వినే ఉంటారు. దాని వెనక నిజమైన పరిశోధనే ఉంది. 1996లో జపాన్ శాస్త్రవేత్త ఇజుమి తబాటా ఒక వ్యాసం ప్రచురించాడు. మూలం ఆయన బుర్రలో పుట్టింది కాదు, జపాన్ స్పీడ్ స్కేటింగ్ జట్టు కోచ్ తన ఆటగాళ్ల చేత చేయిస్తున్న సాధన అది. సైకిలు మీద 20 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, 10 సెకన్లు ఆగడం. ఇలా ఏడెనిమిదిసార్లు. వ్యాయామ విద్య చదివే యువకుల చేత ఆరు వారాలు చేయించారు. మరో బృందం వారానికి ఐదు రోజులు గంటసేపు మామూలు వేగంతో తొక్కింది. ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం రెండు బృందాలకూ పెరిగింది. ఆక్సిజన్ చాలకపోయినా పనిచేసే శక్తి మాత్రం నాలుగు నిమిషాల బృందానికే, అదీ 28 శాతం పెరిగింది. గొప్ప ఫలితమే. కానీ ఆ పరిశోధన కొలిచింది దమ్మునే, కొవ్వును కాదు. పైగా ఆ 20 సెకన్ల కష్టం ఎలాంటిదంటే, చివరి దఫాకు దిట్టమైన కుర్రాళ్లే కాళ్లు ఆడక ఆగిపోవాల్సి వచ్చేది. యూట్యూబ్ వీడియో చూస్తూ, పాట వింటూ, హాల్లో కార్పెట్ మీద చేసేది తబాటా పేరు పెట్టుకున్న మరొకటి.

దీనికి తోడు "వ్యాయామం ఆపేశాక కూడా రోజంతా కరుగుతూనే ఉంటుంది" అనే ఆశ. ఇందులో కొంత నిజముంది. తీవ్రంగా శ్రమించాక ఒళ్లు తేరుకునే దాకా ఆక్సిజన్ కొంచెం ఎక్కువే వాడుకుంటుంది. కొలిచి చూస్తే అది సాధారణంగా వ్యాయామంలో ఖర్చయిన దానిలో 6 నుంచి 15 శాతం. 300 కేలరీల పరుగుకు అదనంగా దక్కేది 18 నుంచి 45. రెండు చెంచాల పంచదార వేసిన టీ తాగితే సరి, చెల్లుకు చెల్లు.

యంత్రాల మాటకొద్దాం. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మణికట్టుకు పెట్టుకునే ఏడు రకాల పరికరాలను 60 మంది చేత నడిపించీ, పరుగెత్తించీ, సైకిలు తొక్కించీ పరీక్షించారు. గుండె వేగాన్ని ఏడింటిలో ఆరు పరికరాలు బాగానే పట్టుకున్నాయి, తేడా 5 శాతం లోపే. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికంటే మెరుగైన పరికరం కూడా సగటున 27 శాతం తప్పింది. అధమమైనది 93 శాతం. గాలిగోపురం దగ్గర ఇద్దరు కుర్రాళ్లకు రెండు అంకెలు కనిపించడంలో వింతేమీ లేదు. ట్రెడ్‌మిల్ తెరమీది అంకెను ఇంకా అనుమానంగా చూడాలి. బరువు ఎంతో నమోదు చేయకపోతే అది ఎవరి బరువుతోనో లెక్క కడుతుంది. వాలు పెంచి, ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలి నడిచేవాళ్లు జిమ్‌లో కోకొల్లలు. కడ్డీ మీద భారం వేస్తే కాళ్ల పని తగ్గుతుంది. ఆ సంగతి యంత్రానికి తెలియదు.

చెమట లెక్క అంతకంటే మోసం. విజయవాడ మే నెలలో ఊరికే బస్సు కోసం నిలబడినా చొక్కా తడిసిపోతుంది. అది ఒంటిని చల్లబరచుకునే ఏర్పాటు, కొవ్వు కరిగిన గుర్తు కాదు. ప్లాస్టిక్ జాకెట్లు, నడుముకు చుట్టుకునే రబ్బరు బెల్టులు అమ్మేవాళ్లు ఈ అపోహ మీదే బతుకుతున్నారు. గంటలో కిలో తగ్గామని సంబరపడేవాళ్లు రెండు గ్లాసుల నీళ్లు, చెంబెడు మజ్జిగ తాగితే ఆ కిలో తిరిగొచ్చేస్తుంది. తాగకపోతే వడదెబ్బ తగలవచ్చు.

పొట్ట తగ్గడానికి పొట్ట వ్యాయామాలు, తొడలు తగ్గడానికి తొడల వ్యాయామాలు అనేది మరో ముచ్చట. 1971లో ప్రచురితమైన ఒక పరిశీలనలో టెన్నిస్ ఆటగాళ్ల రెండు చేతులనూ కొలిచారు. రాకెట్ పట్టే చెయ్యి ఏళ్ల తరబడి రెండో చేతికంటే ఎన్నో రెట్లు శ్రమించింది. ఆ చేతి కండరం పెద్దదైంది. చర్మం కింద కొవ్వు మందం మాత్రం రెండు చేతులకూ దాదాపు ఒకటే. కొవ్వు ఏ మూల నుంచి ముందు కదలాలన్నది ఒళ్లు నిర్ణయించుకుంటుంది, మనం చూపించిన చోట నుంచి కాదు.

బరువులెత్తితే కండ పెరుగుతుంది, కండ పెరిగితే కూర్చున్నా కేలరీలు కరుగుతాయి అని ట్రైనర్లు చెబుతుంటారు. అబద్ధం కాదు గానీ, అతిశయోక్తి. విశ్రాంతిగా ఉన్న కిలో కండరం రోజుకు ఖర్చుచేసేది సుమారు 13 కేలరీలు. కిలో కొవ్వు అయితే నాలుగున్నర. కిలో లెక్కన చూస్తే మెదడు 240, గుండె, మూత్రపిండాలు ఒక్కొక్కటి 440 ఖర్చుచేస్తాయి. మహా కష్టపడి మూడు కిలోల కండ పెంచితే రోజుకు అదనంగా వచ్చేది 40 లోపే. అయినా బరువులు ఎత్తవలసిందే, దండీలు బస్కీలు తీయవలసిందే. తిండి తగ్గించి ఒళ్లు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. దాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచేది ఈ సాధనే. అరవై దాటాక కుర్చీలోంచి చేతి ఊతం లేకుండా లేవాలంటే తొడల్లో బలముండాలి.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక నమ్మకం మీద ఆధారపడింది: వ్యాయామంలో 300 ఖర్చుచేస్తే రోజు మొత్తం ఖర్చు 300 పెరుగుతుందని. అమెరికా శాస్త్రవేత్త హెర్మన్ పాంట్జర్ బృందం ఆ నమ్మకాన్నే కదిపింది. టాంజానియాలో హాడ్జా అనే తెగ ఉంది. ఇప్పటికీ వేటాడి, దుంపలు తవ్వుకుని, తేనె తీసుకుని బతుకుతారు. మగవాళ్లు రోజుకు సగటున 11 కిలోమీటర్లకు పైగా, ఆడవాళ్లు దాదాపు 6 కిలోమీటర్లు నడుస్తారు. ప్రత్యేకంగా గుర్తువేసిన నీళ్లు తాగించి వాళ్లు రోజంతా ఖర్చుచేసే శక్తిని కొలిచారు. 2012లో వచ్చిన ఫలితం చూసి పరిశోధకులే ఆశ్చర్యపోయారు. ఒంటి పరిమాణం తేడాను సరిచేసి చూస్తే, రోజంతా అడవిలో తిరిగే హాడ్జాలకూ, కుర్చీలో కూర్చునే అమెరికన్లకూ మొత్తం ఖర్చులో పెద్ద తేడా లేదు. పాంట్జర్ చెప్పే వివరణ ఇది: పిల్లల ఫీజు కట్టిన నెలలో ఇల్లాలు మిగతా ఖర్చులు బిగబట్టినట్టు, ఒళ్లు కూడా శ్రమ పెరిగినప్పుడు లోపలి పనుల్లో పొదుపు చేస్తుంది. ఆ పొదుపు ఎంత, అందరిలోనూ ఒకేలా ఉంటుందా అన్నదాని మీద శాస్త్రవేత్తల వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కాగితం మీద వేసిన లెక్కంతా ఒంటి మీద కనిపించదన్న మాట మాత్రం నిలబడింది.

రెండో వైపు కూడా వినాలి. 1999లో మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవీన్ బృందం 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజూ 1,000 కేలరీలు అదనంగా పెట్టింది. వ్యాయామం చేయవద్దంది. ఒకరికి పెరిగిన కొవ్వు అర కిలో కూడా లేదు. మరొకరికి నాలుగు కిలోలు దాటింది. తిండి అదే, రోజులవే. తేడా ఎక్కడుందంటే చిన్నాచితకా కదలికల్లో. లేవడం, తిరగడం, నిలబడడం, కూర్చున్నచోటే కుదురుగా ఉండలేకపోవడం. కుదురులేనివాళ్లకు ఒళ్లు రాలేదు. ఉదయం గంటసేపు జిమ్‌లో చెమటోడ్చి, ఆ అలసటను సాకుగా చేసుకుని రోజంతా సోఫాలో వాలిపోయేవాడు ఒక చేత్తో సంపాదించి రెండో చేత్తో పారబోసుకుంటున్నాడు. జిమ్ గంట ఒక్కటే లెక్కలోకి రాదు, మిగిలిన పదిహేను మేలుకున్న గంటలూ వస్తాయి.

తిండి లెక్క ఇంకా నిర్దయగా ఉంటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 అంచనాల ప్రకారం కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజుకు 2,110 కేలరీలు, 55 కిలోల స్త్రీకి 1,660 చాలు. కిలో ఒంటి కొవ్వులో ఉండే శక్తి సుమారు 7,700. గంటసేపు చురుగ్గా నడిచినప్పుడు, కూర్చున్నా అయ్యే ఖర్చు తీసేస్తే, మిగిలేది 215. తిండి ఏమాత్రం పెరగకుండా ఉంటే ఒక్క కిలో కొవ్వు కరగడానికి 36 రోజులు నడవాలి. ఇక పోపు వేసేటప్పుడు చెయ్యి జారి మూకుట్లో ఒక పెద్ద చెంచాడు నూనె ఎక్కువ పడిందనుకోండి, అది 125 కేలరీలు. కూర ఒక్కరే తింటే ఆ చెంచాడు నూనెకు 35 నిమిషాల నడక. చెంచా తగ్గించడానికి అర నిమిషం పట్టదు. బరువు తగ్గడంలో సింహభాగం వంటింట్లోనే తేలుతుందని వైద్యులు అనేది ఇందుకే. తగ్గిన బరువు మళ్లీ రాకుండా ఆపడంలో మాత్రం వ్యాయామానిది పెద్ద చెయ్యి.

అలాగని వ్యాయామానికి విలువ కేలరీల్లోనే ఉందనుకుంటే అసలు కథ తప్పిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు నగర బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. ఒకప్పుడు హైదరాబాదులో జనం పైఅంతస్తు ముందు సీటు కోసం ఎగబడిన బస్సుల్లాంటివే. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. జీతం, ఇల్లు, తిండి ఇద్దరివీ దాదాపు ఒకే తీరు. 1953లో ఫలితాలు వెలువడ్డాయి. కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చింది, వచ్చినా ఆలస్యంగా వచ్చింది, ప్రాణం తీయడం కూడా తక్కువే. తర్వాత ఆయన ఇంకో తమాషా పని చేశాడు. సంస్థ కుట్టించి ఇచ్చే యూనిఫారం ప్యాంట్ల నడుము కొలతల రికార్డులు తెప్పించి చూశాడు. డ్రైవర్ల నడుములే పెద్దవి. ఉద్యోగంలో చేరేనాటికే డ్రైవర్లు కొంత లావుగా ఉన్నారన్న సంగతీ ఆ ప్యాంట్లే బయటపెట్టాయి, దాన్ని ఆయన దాచిపెట్టలేదు.

ఇప్పుడు మన లెక్క వేసి చూద్దాం. 750 మెట్లు, మెట్టు ఎత్తు 20 సెంటీమీటర్లు. మొత్తం 150 మీటర్లు. 65 కిలోల కండక్టరుకు దీనివల్ల రోజుకు ఖర్చయ్యేది సుమారు 100 కేలరీలు, అంటే చెంచాడు నూనెకు సరిపడా కూడా కాదు. గుండెకు జరిగిన మేలు మాత్రం జబ్బుల పట్టికలో కనిపించేంత. రక్తనాళాలు, రక్తపోటు, రక్తంలో చక్కెర, ఇవేవీ కేలరీల మీటరు చూసి బాగుపడవు. మోరిస్ తానూ వ్యాయామం మానలేదు, 99 ఏళ్లు బతికాడు.

కాబట్టి ఏది ఎంచుకోవాలి? గంటకు ఎంత అన్నది ఒక పక్క, ఎన్ని నిమిషాలు నిజంగా కదిలాం, వారంలో ఎన్ని రోజులు చేశాం అన్నవి మరో పక్క. మూడింటినీ హెచ్చవేసి చూసుకోవాలి. మాదాపూర్‌లో రాత్రి తొమ్మిదికి ఆఫీసు వదిలే ముప్పై ఏళ్ల కుర్రాడికి సమయం లేదు, మోకాళ్లు బాగున్నాయి. అతనికి వారంలో మూడు రోజులు పాతిక నిమిషాల పరుగు లాభసాటి. మోకాలి నొప్పి ఉన్న అరవై ఏళ్ల పెద్దమనిషికి పరుగు, స్కిప్పింగ్ రెండూ అనవసరపు సాహసాలు. దగ్గర్లో కొలను ఉంటే ఈత, లేకపోతే సైకిలు. ఒంటి బరువు మోకాలి మీద పడకుండానే ఊపిరి ఆడించే పనులివి. ఎండలో, కుక్కల భయంతో బయటికి వెళ్లలేని ఇల్లాలికి అపార్ట్‌మెంట్ మెట్లున్నాయి. అంతస్తు ఎత్తు మూడు మీటర్లయితే ఒకసారి ఎక్కడానికి రెండు కేలరీలు. అంకె చూస్తే నవ్వొస్తుంది గానీ లండన్ కండక్టర్లకు ఉన్నది అదే.

అన్నిటికంటే నమ్మదగిన ఎంపిక, ఇంకో పది నిమిషాలు ఉంటే బాగుండు అనిపించేది. బ్యాడ్మింటన్ కోర్టు మీద ఉన్నవాడికి గడియారం గుర్తుండదు. 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో పి.వి. సింధు, నొజోమి ఒకుహారా 110 నిమిషాలు పోరాడారు, అందులో ఒక్క పాయింటు కోసమే 73 షాట్లు కొట్టుకున్నారు. కాలనీ కోర్టులో నలుగురు ఆడే ఆటలో అంత ఉండదు, సగం సేపు షటిల్ ఏరుకోవడంలో, స్కోరు మీద తగువులో పోతుంది. అయినా ఆ తగువు కోసమైనా రేపు మళ్లీ వస్తారు. ట్రెడ్‌మిల్‌తో తగువు పడడానికి ఎవరూ రారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచన ప్రకారం పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యరకం శ్రమ, లేదా 75 నిమిషాల తీవ్ర శ్రమ కావాలి. దానితో పాటు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే సాధన. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే మధ్యరకం, నాలుగు మాటలు కూడా కూడబలుక్కోవలసి వస్తే తీవ్రం. దీనికి ఏ గడియారమూ అక్కర్లేదు. మన దేశంలో 2022 నాటికి పెద్దవాళ్లలో 49.4 శాతం మంది ఆ కనీసాన్ని కూడా అందుకోవడం లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా చెప్పింది. పురుషులలో 42 శాతం, స్త్రీలలో 57 శాతం. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనిషికి తనకంటూ అరగంట దొరకకపోవడం ఈ తేడాకు ఒక కారణం. ఇంట్లోవాళ్లు ఆ అరగంట ఆమెకు వదిలిపెడితే ఏ స్మార్ట్‌వాచ్ చేయలేని మేలు చేసినవాళ్లవుతారు.

చివరగా ఒక్క మాట. రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవాళ్లు, ఏళ్ల తరబడి వ్యాయామం లేనివాళ్లు పరుగు గానీ బరువులు గానీ మొదలుపెట్టే ముందు డాక్టరు సలహా తీసుకోండి. మొదటి రెండు వారాలు పది పదిహేను నిమిషాలతో సరిపెట్టుకోండి. నడుస్తున్నా, ఆడుతున్నా ఛాతీలో బిగువుగా అనిపించినా, నొప్పి చేతికో దవడకో పాకినా, కళ్లు తిరిగినా అక్కడికక్కడే ఆగి కూర్చోండి, పక్కనున్నవాళ్లను పిలవండి, 108కి ఫోన్ చేయించండి.